సైకిల్‌కి రోడ్డు మీద ఎంత చోటు?

సైకిల్ మీద వెళ్తున్న మనిషిని కారో లారీయో గుద్దిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ అదే గొడవ మొదలవుతుంది. "అసలు వీళ్ళని మెయిన్ రోడ్డెక్కమన్నదెవరు, ట్యాక్స్ కట్టరు, సిగ్నల్ చూడరు" అని ఒక పక్క, "కారున్నవాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయి" అని ఇంకో పక్క. రెండు పక్కలా కొంత నిజం ఉంది. కాకపోతే మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే ముద్దగా కలిపేసి పోట్లాడుకుంటాం కాబట్టి ఎప్పటికీ తేలదు. సైకిల్‌కి రోడ్డు మీద హక్కుందా అనేది చట్టానికి సంబంధించిన ప్రశ్న. రోడ్డులో ఏ చోట ఉండాలి అనేది టేపు పెట్టి కొలిచి చూడాల్సిన ప్రశ్న. ఎవరో ఒకరు పొరపాటు చేస్తే దెబ్బ ఎవరికి తగులుతుంది అనేది బరువుకీ వేగానికీ సంబంధించిన ప్రశ్న. వీటిని విడదీసి చూద్దాం.

ముందు ఒక లెక్క. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో సైకిల్ మీద ఉన్నవాళ్ళు 4,800 పైచిలుకు, అంటే మూడు శాతం దగ్గర. బైకుల మీద పోయినవాళ్ళతో, నడుస్తూ పోయినవాళ్ళతో పోలిస్తే చిన్న అంకెలా కనిపిస్తుంది, కానీ రోజుకి పదమూడు మంది. పైగా ఈ పదమూడు మందిలో ఎక్కువమంది ఎవరై ఉంటారో ఆలోచించండి. సైక్లిస్టు అనగానే పొద్దున్నే ఐదింటికి హెల్మెట్, బిగుతు బట్టలు వేసుకుని గండిపేట వైపు గుంపుగా వెళ్ళే సాఫ్ట్‌వేర్ వాళ్ళే చాలామందికి గుర్తొస్తారు. 2011 జనాభా లెక్కల్లో చూస్తే వ్యవసాయం కాకుండా వేరే పనులకి వెళ్ళేవాళ్ళలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీదే వెళ్తున్నారు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్, తాపీ మేస్త్రి, మిల్లు కార్మికుడు, కారియర్‌కి రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకున్న ఆయన. బడిపిల్లల్ని కూడా కలపండి, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో "బడికొస్తా" పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు, ఆ పిల్లలు తొక్కింది మన కార్లు తిరిగే రోడ్ల మీదే.

చట్టం దృష్టిలో సైకిల్ ఏమిటి

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. అందుకే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. మోటారు వాహనం కాదు కాబట్టి రోడ్డు మీద హక్కు లేదనుకుంటారు. అసలు సంగతి తిరగేసి ఉంది. ప్రజల రోడ్డు నడిచేవాళ్ళకీ ఎడ్లబండికీ సైకిల్‌కీ ముందు నుంచీ ఉన్నదే, లైసెన్సు అనే షరతు వచ్చింది మోటారుకి, ఎందుకంటే ప్రాణం తీయగలిగేది అదే. సైకిల్ ఫలానా రోడ్డెక్కకూడదంటే ప్రత్యేకంగా నిషేధం ఉండాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే, అంటే బండ్లు వేగంగా వెళ్ళే అసలు రోడ్డు మీద అలాంటి నిషేధం ఉంది, బైకులకి కూడా ఉంది. దాని పక్కనే ఉన్న సర్వీస్ రోడ్డు మీద లేదు.

మరి ట్యాక్సు సంగతి? కారు కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్ బండి మీద రాష్ట్రం వేసే పన్ను, అదేమీ రోడ్డుకి కట్టే అద్దె కాదు. కాలనీ రోడ్లు, ఊళ్ళో రోడ్లు వేసేది ఎక్కువగా మున్సిపాలిటీ డబ్బుతో, అందులో ఇంటి పన్ను ఉంది, మనం ఏది కొన్నా కట్టే పన్నుల్లోంచి ప్రభుత్వాలిచ్చే గ్రాంటు ఉంది. ఆ వాచ్‌మన్ కూడా సబ్బు బిళ్ళ కొన్నప్పుడల్లా కడుతున్నాడు. ఇక రోడ్డు పాడవడం అంటారా, పన్నెండు కిలోల సైకిల్ వల్ల ఏ తారు రోడ్డుకీ గుంత పడదు.

సిగ్నల్ విషయంలో మాత్రం డ్రైవర్ల కోపానికి అర్థం ఉంది. ఎర్ర లైటు సైకిల్‌కీ ఎర్ర లైటే. కాకపోతే నంబరు ప్లేటు లేదు కాబట్టి చలానా ఇంటికి రాదు, పోలీసులు కూడా సైకిల్‌ని ఆపి టైము వృథా చేసుకోరు. ఒకప్పుడు రాత్రిపూట లైటు లేకుండా వెళ్తే ఆపి టైర్లో గాలి తీసేసేవాళ్ళని పెద్దవాళ్ళు చెబుతారు, ఆ భయం ఇప్పుడెవరికీ లేదు. తప్పు చేసినా అడిగేవాడు లేడన్న మాట నిజమే, దాన్ని కాదని సైక్లిస్టుల తరఫున వాదించడం అనవసరం.

మధ్యలో ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ బండ్లు కూడా మోటారు వాహనం కిందికి రావు. చూడ్డానికి స్కూటీ, చట్టం లెక్కలో దాదాపు సైకిల్. సామాను డెలివరీ చేసే కుర్రాళ్ళు చాలామంది వీటి మీదే తిరుగుతున్నారు. దూరం నుంచి చూసి ఇది యాభైలో వెళ్తుందా ఇరవైలో వెళ్తుందా అని వెనకొచ్చే డ్రైవరు అంచనా వేయలేడు, అంచనా తప్పితే బ్రేకు ఆలస్యమవుతుంది.

ఇంకోవైపు 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో, నడిచేవాళ్ళు, సైకిల్ వాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, వికలాంగుల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలని రాసి ఉంది. ఫుట్‌పాత్ మీదా సైకిల్ ట్రాక్ మీదా బండి నడపకూడదన్న నిబంధన అయితే ఇంకా పాతది. లైసెన్సు పరీక్షలో ఇవి ఎంతమందిని అడిగారో మీకే తెలుసు.

"పక్కకి పో" అంటే ఎంత పక్కకి?

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. నెమ్మదిగా వెళ్ళే బండి ఎడమ పక్కన ఉండాలి, ఇందులో ఎవరికీ తేడా లేదు. డ్రైవరు దృష్టిలో ఎడమ పక్క అంటే తెల్ల గీత బయట, వీలైతే మట్టిలో. సైకిల్ తొక్కేవాడి దృష్టిలో ఎడమ లేన్లో ఎడమ భాగం. ఈ రెండింటికీ తేడా మీటరు కూడా ఉండదు.

ఒక కొలత వేసి చూద్దాం. మన దగ్గర మామూలు లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు. సైకిల్ హ్యాండిల్ 60 సెంటీమీటర్లు. కారు అద్దాలతో కలిపి రెండు మీటర్లు. సైకిల్ రోడ్డు అంచుని పూర్తిగా ఆనుకుని వెళ్తోందనుకోండి, హ్యాండిల్ కుడి చివర అంచు నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దానికీ కారుకీ మధ్య ఒకటిన్నర మీటర్లు వదలాలి, ఆ పైన రెండు మీటర్ల కారు. మొత్తం 4.1 మీటర్లు. లేన్ మూడున్నరే. అంటే సైకిల్ అంచున పాకుతూ వెళ్ళినా సరే, కారు సరైన దూరం వదిలి దాటాలంటే పక్క లేన్లోకి వెళ్ళి తీరాలి. సైకిల్ ఇంకో 45 సెంటీమీటర్లు లోపలికి జరిగి వెళ్తే ఆ 4.1 కాస్తా 4.55 అవుతుంది, కారు ఎలాగూ పక్క లేన్లోకి వెళ్ళాల్సిందే, కొంచెం ఎక్కువ వెళ్తుంది, అంతే. బస్సయితే రెండున్నర మీటర్లు, చెప్పక్కర్లేదు.

కాబట్టి సైకిల్ అంచుకి జరగడం వల్ల దాటడానికి చోటు నిజంగా ఏర్పడదు, ఏర్పడినట్టు కనిపిస్తుంది. వెనక ఉన్న డ్రైవరుకి "దూరిపోవచ్చు" అనిపిస్తుంది, దూరతాడు, అరమీటరు దూరంలో రాసుకుంటూ పోతాడు. బ్రిటన్‌లో సైకిల్ నేర్పేవాళ్ళు ఇరుకు రోడ్డు మీద, కూడలి దగ్గర లేన్ మధ్యకి రమ్మని చెప్పేది ఇందుకే. 2022 జనవరిలో మార్చిన అక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లోనూ ఇది ఉంది. గంటకి 30 మైళ్ళ వేగం వరకు సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్లు వదలాలి, అంతకంటే వేగంగా వెళ్తుంటే ఇంకా ఎక్కువ. అక్కడ లైసెన్సు థియరీ పరీక్షకి కూర్చునే మన తెలుగువాళ్ళు ఇదంతా బట్టీ పట్టాల్సిందే. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు. మన దగ్గర తగినంత దూరం ఉంచాలనే తప్ప ఇన్ని మీటర్లన్న లెక్క అలవాటు కాలేదు, ఆ "తగినంత" ఎంతో ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకుంటారు.

అంచున ఏముంటుందో కూడా చూడాలి, కారు అద్దంలోంచి అది కనిపించదు. వానకి కొట్టుకొచ్చిన ఇసుక, పగిలిన సీసా పెంకులు, డ్రైనేజీ మీద ఇనప జాలీ, దాని కమ్మీలు రోడ్డు పొడుగునా ఉంటే ముందు చక్రం సందులో దిగిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం తారు అంచు. తారు మీద తారు పోసీ పోసీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పక్కన మట్టి కిందే ఉండిపోతుంది, మధ్యలో జానెడు మెట్టు. సైకిల్ చక్రం ఆ మెట్టు దిగిందంటే మళ్ళీ ఎక్కడం కష్టం. మెల్లగా ఏటవాలుగా ఎక్కించబోతే టైరు పక్క భాగం తారు అంచుకి రాసుకుని పట్టేస్తుంది, చక్రం ఎడమ వైపే ఉండిపోతుంది, మనిషి ఒళ్ళు మాత్రం కుడి వైపుకి, అంటే రోడ్డు లోపలికి పడుతుంది. వెనక వచ్చే లారీ డ్రైవరుకి అది "ఉన్నట్టుండి అడ్డం పడ్డాడు" అన్నట్టే కనిపిస్తుంది, అతను అబద్ధం చెప్పడం లేదు కూడా.

డ్రైవర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్నీ తేలిగ్గా తీసేయకూడదు. రెండు లేన్ల స్టేట్ హైవే మీద ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతుంటే వెనక బస్సు ఇరుక్కుపోతుంది, ఎదురుగా ఖాళీ దొరక్క కిలోమీటరు దాకా పాకుతుంది, ఆ విసుగుతో డ్రైవరు తర్వాత చేసే ఓవర్‌టేక్ ఇంకెవరి మీదకో వెళ్తుంది. లేన్ మధ్యలో తొక్కడం అనేది కూడలి, ఇరుకు వంతెన, పార్క్ చేసిన కార్ల వరుస లాంటి చోట్లకి పనికొచ్చే పద్ధతి. ఎనభైలో బండ్లు వెళ్ళే రోడ్డు మీద అదే పట్టుదలకి పోతే హక్కు మిగులుతుందేమో గానీ మనిషి మిగలడు.

హారన్ విషయం

మన దగ్గర హారన్‌కి రెండు అర్థాలున్నాయి. దూరం నుంచి చిన్నగా కొడితే "వస్తున్నా, చూసుకో". దగ్గరికొచ్చి గట్టిగా కొడితే "తప్పుకో". మొదటిది సైకిల్ వాడికి మేలే చేస్తుంది. రెండోది ఏం చేస్తుందంటే, వీపు వెనక ఒక్కసారిగా ఎయిర్ హారన్ మోగగానే మనిషి తల తిప్పి చూస్తాడు, సాధారణంగా కుడి వైపుకి. తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు హ్యాండిల్ కూడా కాస్త తిరుగుతుంది. అలవాటు లేనివాళ్ళు, పిల్లలు అయితే సైకిల్ అరమీటరు కుడికి వస్తుంది. సరిగ్గా మనం దాటబోయే చోటికే. తప్పుకొమ్మని కొట్టిన హారనే అడ్డం తెప్పిస్తుంది.

లారీ ఇంకో పని కూడా చేస్తుంది. వేగంగా వెళ్ళే పెద్ద బండి దాటేటప్పుడు గాలి ముందు సైకిల్‌ని బయటికి నెడుతుంది, ముందు భాగం దాటాక లోపలికి లాగుతుంది. మొదటి తోపుకి కాచుకుని లారీ వైపు వంగిన మనిషి రెండో లాగుడుకి అదే వైపు ఒరుగుతాడు. ఒకటిన్నర మీటర్ల లెక్క మర్యాద కోసం పెట్టింది కాదు, ఇలాంటి ఊగిసలాటకి చోటు కోసం.

ఫ్రీ లెఫ్ట్, కారు డోరు, రాంగ్ రూట్

వెనక నుంచి గుద్దేస్తారేమోనన్న భయం సైకిల్ వాళ్ళందరికీ ఉంటుంది. హైవే మీద, చీకట్లో అది సరైన భయమే. ఊళ్ళో మాత్రం చాలా ప్రమాదాలు మలుపుల దగ్గర పుడతాయి.

ఫ్రీ లెఫ్ట్ ఉన్న కూడలి తీసుకోండి. సైకిల్ ఎడమ పక్కన తిన్నగా వెళ్తోంది, పక్కనే లారీ ఎడమకి తిరగబోతోంది. పొడవైన బండి ఎడమకి తిరగాలంటే డ్రైవరు ముందు కొంచెం కుడికి కోసుకుంటాడు. సైకిల్ వాడికి అది లారీ కుడికి పోతున్నట్టో, తనకి దారి ఇస్తున్నట్టో అనిపిస్తుంది, ఆ సందులోకి దూరతాడు. తర్వాత లారీ ఎడమకి తిరుగుతుంది, వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి, ఫుట్‌పాత్ వైపుకి కోసుకుంటూ వస్తాయి. క్యాబిన్ ఎత్తులో కుడి వైపు కూర్చున్న డ్రైవరుకి ఎడమ తలుపు కింద ఏముందో కనిపించదు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ నెమ్మదిగానే వెళ్తున్నారు, అయినా మనిషి చక్రం కిందికి వెళ్ళాడు. ఆగి ఉన్న లారీకీ బస్సుకీ ఎడమ పక్క నుంచి ముందుకి దూరకూడదని సైకిల్ వాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే అనిపించేది ఇందుకే. కారు, ఆటో విషయంలో మాత్రం బాధ్యత అటు వైపు ఎక్కువ, ఎందుకంటే సైకిల్‌ని దాటేసి వెంటనే దాని ముక్కు ముందు ఎడమకి కట్ కొట్టడం వాళ్ళే చేస్తారు. రెండు సెకన్లు ఆగి సైకిల్ వెనక నుంచి తిరిగితే సరిపోయేది.

కారు డోరుది వేరే కథ. ఆగిన కారులోంచి దిగేవాళ్ళు వెనక చూడకుండా తలుపు తెరుస్తారు, సైకిల్ దానికి తగులుకుంటుంది లేదా తప్పించబోయి కుడికి వస్తుంది. దీనికి నెదర్లాండ్స్‌లో చిన్న అలవాటు ఉంది, ఇప్పుడు బ్రిటన్ హైవే కోడ్‌లోకీ వచ్చింది. తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తెరవడం. మన కార్లలో డ్రైవరైతే ఎడమ చేత్తో, ఎడమ సీట్లో ఉన్నవాళ్ళైతే కుడి చేత్తో. అలా చేస్తే ఒళ్ళు దానంతటదే తలుపు వైపు తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది.

ఇక రాంగ్ రూట్. సైకిల్ వాళ్ళ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే, న్యాయమైనదీ ఇదే. డివైడర్ కట్టేసి యూటర్న్ ఎక్కడో కిలోమీటరు అవతల పెడితే కాళ్ళతో తొక్కేవాడు అంత దూరం వెళ్ళి రాడు, ఎదురు వచ్చేస్తాడు. ఇంకో కారణం కూడా ఉంది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన నడవమని బళ్ళో చెబుతారు, అది సైకిల్‌కీ వర్తిస్తుందని చాలామంది నిజంగానే నమ్ముతారు. నడిచేవాడు ఒక్క అడుగు పక్కకి వేసి తప్పుకోగలడు, సైకిల్‌కి అది కుదరదు, అక్కడే తేడా. లెక్క కూడా చూడండి. కారు యాభైలో, సైకిల్ పదిహేనులో ఉన్నాయి, ఇద్దరి మధ్య యాభై మీటర్లు. ఒకే దిక్కున వెళ్తుంటే దగ్గరయ్యే వేగం 35, కారు సైకిల్‌ని అందుకోవడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఎదురెదురుగా అయితే 65, మూడు సెకన్లు కూడా లేవు. అంతకంటే ముఖ్యం, సందులోంచి మెయిన్ రోడ్డెక్కే డ్రైవరు కుడి వైపే చూస్తాడు, బండ్లు వచ్చేది అటు నుంచే కాబట్టి. ఎడమ నుంచి రాంగ్ రూట్లో వచ్చే సైకిల్ అతని చూపులోనే ఉండదు.

ముప్పైకీ యాభైకీ మధ్య

వేగం గురించి అందరూ మాట్లాడతారు, అంకెలు పెట్టి చూసేవాళ్ళు తక్కువ. కాలనీ రోడ్డు, పొడి తారు, మంచి బ్రేకులు. సందులోంచి ఒక పిల్లాడు సైకిల్ మీద పద్నాలుగు మీటర్ల దూరంలో రోడ్డెక్కాడు. చూసి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకి ఒక సెకను పడుతుందనుకుందాం, ఫోన్ చూడకుండా నడుపుతుంటేనే ఆ ఒక్క సెకను.

గంటకి 30 కిలోమీటర్లలో ఉన్న కారు ఆ సెకనులో 8 మీటర్లు వెళ్తుంది, బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లకి ఆగుతుంది. మొత్తం 13. పిల్లాడి ముందు మీటరు దూరంలో ఆగింది. గంటకి 50లో ఉన్న కారు ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు వెళ్ళిపోతుంది. అంటే బ్రేకు పడే లోపే పిల్లాడిని తాకుతుంది, పూర్తి యాభైతో. ఆగడానికి దానికి మొత్తం 28 మీటర్లు కావాలి. వేగం రెట్టింపు కూడా కాలేదు, ఫలితం మాత్రం "హమ్మయ్య" నుంచి ఆసుపత్రికి మారింది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఈ లెక్కల ఆధారంగానే అర్థం చేసుకోవచ్చు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో మున్సిపల్ రోడ్ల మీద కార్లకి గరిష్ఠ పరిమితి 70. రాష్ట్రాలు దాన్ని తగ్గించుకోవచ్చు. సైకిళ్ళూ కార్లూ కలిసి తిరిగే రోడ్డుకి 70 అనేది ఎక్కువని ఈ రాసేవాడి అభిప్రాయం. వేగం తగ్గిస్తే ట్రాఫిక్ ఇంకా ఇరుక్కుపోతుందనేవాళ్ళూ ఉన్నారు, కానీ ఊళ్ళో ప్రయాణం టైము తినేది ఎక్కువగా సిగ్నళ్ళు, కూడళ్ళు. మధ్యలో అరవై కొట్టినా తర్వాతి సిగ్నల్ దగ్గర అందరం కలుస్తాం.

రాత్రిపూట ఈ లెక్క ఇంకా ఘోరం. డిమ్ లైట్లలో నల్ల సైకిల్, ముదురు రంగు చొక్కా ముప్పై నలభై మీటర్ల లోపుకి వస్తే గానీ కనిపించవు. ఎనభైలో ఉన్న కారు ఆగడానికి యాభై ఏడు మీటర్లు కావాలి. ఎంత మంచి డ్రైవరైనా చేయగలిగింది లేదు. ఎదుటివాడు హై బీమ్ కొడితే ఆ ముప్పై కూడా ఉండదు. పాత డైనమో లైటుకి ఒక లోపం, చక్రం తిరిగితేనే వెలుగు, కూడలిలో ఆగగానే చీకటి. వెనక మడ్‌గార్డుకి బ్యాటరీతో మినుకుమినుకుమనే చిన్న ఎర్ర లైటు రెండు మూడు వందలకి దొరుకుతుంది, పెడల్స్‌కి ఉండే రిఫ్లెక్టర్లు పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి అది సైకిల్ అని దూరం నుంచే తెలుస్తుంది.

పెద్ద బండిదే తప్పా?

మన రోడ్ల మీద ఒక అలిఖిత న్యాయం ఉంది: ఎవరిది తప్పైనా జనం పట్టుకునేది పెద్ద బండి వాడిని. డ్రైవర్లకి దీని మీద చాలా కోపం. చట్టం అలా చెప్పదు, కానీ అందులో రెండు అరలున్నాయి.

ఒకటి నేరం. డ్రైవరు నిర్లక్ష్యం వల్ల మరణం జరిగిందని రుజువైతే శిక్ష, రుజువు కాకపోతే లేదు, బండి ఎంత పెద్దదైనా. రెండోది డబ్బు, అంటే పరిహారం. ఇక్కడ బండి వల్ల జరిగిన నష్టానికి చట్టం కొంతవరకు తప్పుతో సంబంధం లేకుండానే డబ్బు ఇప్పిస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, డ్రైవరు తప్పని చూపించాల్సిన పని లేదు, బండి ఓనరు గానీ ఇన్సూరెన్సు కంపెనీ గానీ ఇవ్వాలి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే వేరే పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.

ఒక ఉదాహరణ అనుకుందాం. మిల్లు నుంచి ఇంటికి వెళ్తున్న కార్మికుడిని కారు గుద్దింది, కాలు విరిగింది. అతను లైటు లేకుండా వెళ్తున్నాడు, కారు అతివేగంగా ఉంది. 164 కింద 2.5 లక్షలు తొందరగా తీసుకోవచ్చు. లేదా సెక్షన్ 166 కింద ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కి వెళ్ళి పూర్తి నష్టం అడగొచ్చు, అప్పుడు తప్పు ఎవరిదనే విచారణ ఉంటుంది. ట్రైబ్యునల్ నష్టం 10 లక్షలని తేల్చి, లైటు లేనందుకు అతని వాటా 20 శాతం అంటే చేతికి వచ్చేది 8 లక్షలు. చిక్కేమిటంటే, 164 డబ్బు ఒప్పుకుని తీసేసుకుంటే 166 కేసు పోతుంది. పైగా 166 కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. మంచం మీద ఉన్న మనిషికి ఆరు నెలలు ఎలా గడిచిపోతాయో, అప్పటికి చేతిలో డబ్బు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు, చాలామంది చిన్న మొత్తానికే సంతకం పెట్టేది అందుకే.

నెదర్లాండ్స్ ఇంకో అడుగు ముందుకు వేసింది. మోటారు బండి సైకిల్‌ని గుద్దితే, 14 ఏళ్ళ లోపు పిల్లలైతే దాదాపు పూర్తి నష్టం, పెద్దవాళ్ళైతే వాళ్ళ తప్పున్నా కనీసం సగం, బండి వైపే భరించాలి. ఇదీ డబ్బుకి సంబంధించిందే, డ్రైవరుని నేరస్తుడనదు. బరువైన బండి తెచ్చినవాడు ఆ బరువు తెచ్చే ప్రమాదానికి ముందే ఇన్సూరెన్సు కట్టి రావాలన్నది వాళ్ళ వాదన. మరి సైకిల్ వాళ్ళకి బాధ్యత లేకుండా పోదా అన్నది ఎదురు వాదన. సగం పరిహారం కోసం ఎవరూ కావాలని ఒళ్ళు విరగ్గొట్టుకోరు కాబట్టి ఈ రెండో వాదనలో నాకు పెద్ద పస కనిపించదు, కాకపోతే ఇన్సూరెన్సు లేని బండ్లు ఇంత ఎక్కువగా తిరిగే చోట అలాంటి చట్టం కాగితం మీదే ఉండిపోతుందన్న మాటలో ఉంది.

హెల్మెట్ సంగతి రెండు ముక్కల్లో. మన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ తప్పనిసరి అన్నది మోటారు సైకిళ్ళకే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైకిల్‌కీ తప్పనిసరి చేశాయి, నెదర్లాండ్స్‌లో మామూలుగా తొక్కేవాళ్ళు దాదాపు ఎవరూ పెట్టుకోరు. సైకిల్ హెల్మెట్‌ని యూరప్ ప్రమాణాల్లో పరీక్షించేది గంటకి 20 కిలోమీటర్ల దరిదాపు దెబ్బకి. తనంతట తాను జారిపడితే తల కాపాడుతుంది, పెట్టుకుంటే మంచిదే. యాభైలో వచ్చే కారుకి అది జవాబు కాదు.

విడిగా ట్రాకు వేస్తే తీరిపోతుందా

ఇక్కడ సైకిల్ వాళ్ళలోనే రెండు వర్గాలున్నాయి. 1970ల్లో అమెరికాలో జాన్ ఫారెస్టర్ అనే ఇంజనీరు గట్టిగా వాదించాడు: సైకిల్‌ని బండిలాగే నడపాలి, విడిగా ట్రాకు వేస్తే రోడ్డు మీద హక్కు పోతుంది, కూడళ్ళ దగ్గర ప్రమాదం పెరుగుతుంది అని. అదే దశకంలో నెదర్లాండ్స్ వేరే దారి పట్టింది. అక్కడ 1971లో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కదిలింది, వేగం ఎక్కువున్న రోడ్డుకి విడి ట్రాకు, తక్కువున్న వీధిలో కలిపి వదిలేయడం అన్న పద్ధతి క్రమంగా స్థిరపడింది. అనుభవం ఉన్న, ముప్పైలో తొక్కగలిగిన మగవాళ్ళకి ఫారెస్టర్ పద్ధతి పనికొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లకి, అరవై ఏళ్ళ మేస్త్రికి పనికొచ్చింది డచ్చి వాళ్ళది, అంటే నెదర్లాండ్స్ వాళ్ళది. కాకపోతే కూడళ్ళ గురించి ఫారెస్టర్ చెప్పిన భయం అబద్ధం కాదు, డచ్చి ఇంజనీర్లు ఎక్కువ కష్టపడింది అక్కడే. ట్రాకుని కూడలి దగ్గర కొంచెం వెనక్కి వంచి, తిరిగే కారు సైకిల్‌కి అడ్డంగా ఎదురుపడేలా చేశారు, అప్పుడు డ్రైవరు అద్దంలో వెతకక్కర్లేదు, ముందు కిటికీలోంచే కనిపిస్తుంది.

మన దగ్గర ట్రాకు అంటే చాలా చోట్ల ఆకుపచ్చ రంగు పూసిన గీత. వారం తిరక్కుండా దాని మీద కార్లు పార్క్ చేస్తారు, పానీపూరీ బండి వస్తుంది, సరిగ్గా కూడలి ముందు గీత మాయమవుతుంది, అంటే అవసరమైన చోట ఉండదు. సైకిళ్ళకి అనువైన నగరాల కోసం 2020లో కేంద్రం పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో గెలిచిన పదకొండు నగరాల్లో వరంగల్ ఒకటి, పోటీ అయ్యాక ఏ ఊళ్ళోనైనా నిలబెట్టాల్సింది రంగుని కాదు, అడ్డంగా పెట్టిన బండిని తీయించే మనిషిని.

హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మొదలైన 23 కిలోమీటర్ల ట్రాకు నిజంగా విడిగా ఉంది. పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు, 16 మెగావాట్ల కరెంటు, ఎండా వానా తగలదు, లైట్లున్నాయి. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. వ్యాయామానికి అంతకంటే మంచి చోటు నగరంలో లేదనే చెప్పాలి. అక్కడిదాకా చేరడానికి మాత్రం మామూలు రోడ్డే, అందుకే కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చి, పార్క్ చేసి, తొక్కి, మళ్ళీ కారులో వెళ్ళేవాళ్ళు కనిపిస్తారు. దాని పక్కనే కట్టే టవర్లలో పనిచేసి, గుడిసెల దాకా ఐదారు కిలోమీటర్లు తొక్కే కూలీ దారి మాత్రం ట్రాకు వెళ్ళే వైపు ఉండదు, కిరాణా కొట్టు, బస్టాపు, లేబర్ అడ్డా ఉన్న వైపు ఉంటుంది. అతను వెళ్ళేది సర్వీస్ రోడ్డు మీదే, టిప్పర్ల పక్కనే. ఆ సర్వీస్ రోడ్డుకి అంచు సరిచేసి, లైట్లు వేసి, టిప్పర్ల వేగం ముప్పైకి కుదిస్తే ఎంత ఖర్చవుతుందో, 23 కిలోమీటర్ల కప్పుకి ఎంతయిందో పక్కపక్కన పెట్టి చూసే పని ఇంజనీర్లది. రెండూ కావాలనే వాళ్ళున్నారు, ముందు రెండోదే ఎందుకు కట్టారని అడిగేవాళ్ళూ ఉన్నారు.